తాళంచెవి బిట్

కల్లూరులో ఒక అద్దె ఇంటి మిద్దె మీద గదిలో అక్కాతమ్ముళ్లు ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాతకాలపు గేమ్ మిషన్ కోసం ఇద్దరూ కలిసి అసెంబ్లీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఆటను మరుసటి రోజు పోటీకి పంపాలి. ఆట మధ్యలో ఆపితే, అంతవరకు దొరికినవన్నీ ఒక పాస్‌వర్డ్‌గా మార్చి ఇస్తుంది; మళ్లీ అది కొడితే అక్కడి నుంచే ఆడొచ్చు.

“ఏందిరా ఇది? తాళంచెవి దొరకనోళ్ల పాస్‌వర్డ్ కొట్టినా కోట తలుపు తెరుచుకుంటాంది.”

“తెరుచుకుంటే మంచిదే కదక్కా.”

“పాస్‌వర్డ్‌లో చివరి బిట్ తాళంచెవిది, దొరికుంటే ఒకటి, లేకుంటే సున్నా. దాన్ని విడదీసి వేరియబుల్‌లో పెట్టమంటి. నువ్వేం పెట్టినావు?”

“ఎంత చేసినా సున్నానే వస్తాండె. అందుకే నేరుగా ఒకటి పెట్టేసినా.”

“అందరికీ తాళంచెవి ఇచ్చేసినాక ఇంక తలుపెందుకురా? దాన్ని కూడా పెరికి పారేయకపోయినావా?”

“పోటీవాళ్లకు యాడ తెలుస్తాదక్కా?”

“నీ బుద్ధికి అదొక్కటే తోస్తాది. దీని మీద నా పేరు కూడా ఉండాది. ఈడ చూడు, బిట్లను కుడికి జరిపినాక చివరి బిట్‌ను వెతుకుతాండావు. అది అప్పుడే రాలిపోయినాది. ముందు దాన్ని తీసుకోని, తర్వాత జరపాల. రెండు లైన్లు కిందామీదా మార్చేది చేతకాక అబద్ధం రాసినావు.”

ఆమె ఆ లైన్లు మార్చి, కీబోర్డును అతని వైపు తోసింది.

“ఇప్పుడు అదే పాస్‌వర్డ్ కొట్టి ఆడు.”

“తలుపు తెరుచుకోలేదక్కా.”

“తాళంచెవి లేకుంటే ఎట్ల తెరుచుకుంటాది? పోయి తెచ్చుకో.”

అతను తెర మీద కోట చుట్టూ తిరిగి తిరిగి ఆగాడు.

“యాడుండాదక్కా అది?”

“ఇన్ని నెలలు రాసి, ఒక్కసారన్నా ఆడలేదారా నువ్వు?”

అతను తలెత్తకుండా ఆటను మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాడు.