మా ఇంటిపేరుతో వచ్చినవాడు

గుమ్మంలో నిలబడి టోపీ తీసి "నా పేరు నికొల్ టోర్బిస్టర్" అన్నావు చూడు, చేతిలో ఉన్న పాలగిన్నె నీ మొహాన విసిరేదాన్నే. పాలు వృథా అవుతాయని ఆగాను. నిజంగా అందుకే ఆగాను.

కూర్చో. పొయ్యి దగ్గరికి జరుగు, తడిసిపోయి ఉన్నావు.

మిమ్మల్ని మీరు అనాలా, నువ్వు అనాలా? చూడబోతే నా ఈడువాడివే. పైగా పరాయివాడివి. కానీ నా తమ్ముడి పేరు పెట్టుకుని నా గడప తొక్కినవాణ్ని మీరు అనడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వే.

నికొల్‌ని చంకనేసుకుని పెంచాను నేను. నువ్వు వాడివి కాదని నాకు ఒకరు చెప్పాలా? ఆ మాట నువ్వే ముందు ఒప్పుకున్నావు, అందుకని లోపలికి రానిచ్చాను. అసలు నికొల్ ఫ్రాన్సులో ఖైదులో పోయాడన్నావు. వాడి కుడిచేతికి రెండు వేళ్లు లేవన్నావు. ఆ వేళ్ల సంగతి ఊహించి చెప్పేది కాదు. వాణ్ని దగ్గర నుంచి చూసినవాడివే.

ఎలా పోయాడో ఇంకోసారి చెప్పు. గుమ్మంలో చెప్పినప్పుడు నాకు సరిగ్గా ఎక్కలేదు.

ఊఁ. కావలివాడు వీడి రొట్టెని బూటుకాలితో తన్నాడు. వీడు లేచి వాడి గొంతు పట్టుకున్నాడు. ఇంకొకడు వెనక నుంచి వచ్చి తుపాకీ మొనకున్న కత్తితో పొడిచాడు. ఎడంచేత్తో పట్టుకున్నాడా గొంతు? అవునులే, కుడిచేతిలో పట్టు ఎక్కడిది. రొట్టె కోసం కాదు వాడు లేచింది. తన్నినందుకు లేచుంటాడు. మావాళ్లంతా అంతే.

తర్వాత పేర్లు పిలుస్తుంటే వాడి పేరుకి నువ్వు పలికావు. నీ పేరుతో ఇంటికి చేరితే ఉరితాడు ఉంది, రాజుగారి ఓడ వదిలి పారిపోయినవాడివి కనక. వాణ్ని నీ పేరుతో పూడ్చారు. యుద్ధం అయిపోయింది. టోర్బిస్టర్‌వై బయటికొచ్చావు, టోర్బిస్టర్‌వై సముద్రం దాటి హాలిఫాక్స్ పోయావు, పెళ్లాడావు, ఐదుగురిని కన్నావు. ఇప్పుడు వాళ్లు మనవాళ్లది ఏ ఊరు నాన్నా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక ఇక్కడికొచ్చావు.

సరే, విను అయితే. విన్నాక వాళ్లకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఆ కిటికీలోంచి చూడు. గుట్ట కింద గొర్రెలున్నాయే, ఆ చోటే టోర్బిస్టర్. అది పొలం పేరు. మనుషుల కంటే ముందు నుంచీ ఉన్న పేరు. అక్కడ దున్నుకునేవాడు టోర్బిస్టర్. అక్కడి నుంచి లేచి పక్క పొలానికి పోతే పేరూ వెంట పోయేది. అలా ఈ దీవిలో ఏడిళ్లయ్యాయి. బయట స్ట్రామ్‌నెస్ రేవులో చెప్పులు కుట్టే ముసలాయన ఒకడు. అంతే. స్కాట్లండ్ అంతా జల్లెడ పట్టినా ఇంకొకడు దొరికేవాడు కాదు. కిర్క్‌వాల్ సంతలో మా నాన్న పేరు చెబితే, బిస్టర్ అని ముగిసే పొలాలు ఈ దీవుల్లో బోలెడు కనక, అవతలివాడు "ఏ బిస్టర్?" అని చెవి ముందుకు పెట్టేవాడు.

ఇళ్లు ఏడైనా నోళ్లు మాత్రం పెద్దవి. దొరగారు తీరం మీద నాచు కాల్పించి ఆ బూడిద అమ్ముకునేవారు. గాజు చేసేవాళ్లు కొంటారట. మనం మాత్రం పంట వదిలేసి ఆ పొగలో కళ్లు పోగొట్టుకోవాలి. దీవి అంతా తలొంచుకుని కాల్చింది. మావాళ్లు మేం కాల్చం పొమ్మన్నారు. అంతటితో ఊరుకోలేదు, దొరగారి గుమాస్తాని పట్టుకుని వేడి బూడిద గుంటలో కూర్చోబెట్టారు. తొడలు ఊడిపోయాయి పాపం ఆ మనిషికి. భుజాలు పట్టుకున్నది మా నాన్న జెరోమే. మంచివాళ్లని నేనేం చెప్పడం లేదు.

తర్వాత ఫ్రెంచివాళ్లతో యుద్ధం ముదిరింది. రాజుగారి ఓడలకి మనుషులు కావాలి, ఒక్కో దీవి ఇంతమందిని ఇవ్వాలి అన్నారు. ఇష్టపడి ఎవడు పోతాడు? ఎవర్ని ఇవ్వాలో ఏరే పని కానిస్టేబుల్‌ది. మా కానిస్టేబుల్ హ్యూ మీల్. మా పక్క పొలంవాడే. దొరగారు చెప్పారో, వాడికే తోచిందో, మనిషిని చూసి ఏరలేదు, ఇంటిపేరు చూసి ఏరాడు.

మొదటిసారి చర్చి దగ్గర. ప్రార్థన అయి మా అన్నలు గిల్బర్టూ ఆలివరూ బయటికి వస్తున్నారు. గోడ వెనక నుంచి ఓడవాళ్లు లేచారు, చేతుల్లో దుడ్డుకర్రలు. సమాధిరాళ్ల మధ్య కొట్టుకున్నారయ్యా. గిల్బర్ట్ ఒకడి చెవి కొరికి ఊసేశాడు. ఆలివర్ తల పగిలి రక్తం కళ్లలోకి కారుతుంటే గుడ్డివాడిలా పిడికిళ్లు విసురుతున్నాడు. నాన్న అడ్డం పోయాడు. హ్యూ మీల్ కర్రతో దవడ మీద ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడు నేను విన్నాను. ఎండిన కొమ్మ విరిగినట్టు.

పాస్టరుగారా? తలుపు మూసుకున్నారు.

అన్నలిద్దరూ ఒకే ఓడలో మునిగిపోయారని తర్వాత తెలిసింది. నాన్న మళ్లీ గట్టివి నమల్లేదు. మాట కూడా ముద్దముద్దగా వచ్చేది, నాకొక్కదానికే అర్థమయ్యేది.

దాంతో మిగతా టోర్బిస్టర్లు చెదిరిపోయారు. నువ్వు అడిగావే, మీవాళ్లు ఎక్కడెక్కడున్నారని. ఇలా అయింది మరి. హడ్సన్ బేకి తోళ్ల వ్యాపారం ఓడలు పోతుంటే ముగ్గురు వాటిలో దూరారు. అక్కడి మంచులో ఉన్నారో లేరో. మా చిన్నాన్న కొడుకులు తల్లి ఇంటిపేరు పెట్టుకున్నారు, పొద్దున టోర్బిస్టర్‌లుగా లేచి సాయంత్రానికి రెండాల్‌లయ్యారు. ఇప్పుడు ఎదురుపడి నువ్వు టోర్బిస్టర్‌వి కదురా అంటే, ఏం మాట అది అక్కా అని పక్కకి చూస్తారు. స్ట్రామ్‌నెస్ చెప్పుల ముసలాయన్ని కూడా వదల్లేదు. డెబ్బై ఏళ్లవాణ్ని ఏం చేసుకుంటారని అనుకున్నాం. ఎవరూ తీసుకుపోలేదులే, అంగడి తగలబెట్టారు. లోపలే ఉన్నాడు.

ఇక నికొల్ మిగిలాడు. ఇరవై నిండలేదు. పడమటి కొండ కింద సముద్రపు గుహలో దాచాం. బార్లీ రొట్టె, ఎండుచేప నడుముకి కట్టుకుని తాడు మీద దిగేదాన్ని. ఒక చలికాలం అలా గడిచింది. వాడు మనిషిలా లేడు, పళ్లు కదిలిపోయాయి, దగ్గితే గుహ అంతా దగ్గేది.

ఒకరోజు వాడే అన్నాడు. "వేళ్లు లేనివాణ్ని రాజుగారు ఏం చేసుకుంటారక్కా?"

నేను తిట్టాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. వాడు వినలేదు. "గుహలో చావమంటారా, ఓడలో చావమంటారా, చెప్పండి" అన్నాడు.

పశువుల కొట్టంలో చేశాం. దుంగ మీద వాడు చెయ్యి పెట్టాడు, చూపుడువేలూ దాని పక్క వేలూ చాపి, మిగతావి ముడిచాడు. గొడ్డలి నాన్న చేతిలో ఉంది. దెబ్బ తిన్నప్పటి నుంచీ ఆయన చేతులు వణికేవి. గొడ్డలి గాల్లో ఊగుతోంది గానీ కిందికి రావడం లేదు. నేను తీసుకున్నాను.

మొదటి దెబ్బకి ఒకటే తెగింది.

వాడు అరవలేదు. ఆవు అరిచింది. వాడు పళ్లు బిగించి, "రెండోది కూడా, ఆలస్యం చెయ్యకు" అన్నాడు. రెండోది కూడా కొట్టాను. కాల్చిన ఇనుము పెట్టి రక్తం ఆపాం. ఆ వాసనకి నాన్న బయటికి పోయి గోడ పట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు అమ్మ సమాధి పక్కన పాతాను. ఏం ప్రార్థన చెయ్యాలో తెలియలేదు.

పుండు ఇంకా మానలేదు, హ్యూ మీల్ వచ్చాడు, వెంట ఓడ అధికారి. ఇక దాచేదేముంది, మేమే తలుపు తీశాం. నికొల్ కట్టు విప్పి చెయ్యి చూపించాడు. ఆ అధికారి మొహం తిప్పుకున్నాడు. వదిలేసేవాడే అనుకుంటా. హ్యూ మీల్ అన్నాడు కదా, "అయ్యా, తాడు లాగడానికి రెండో చెయ్యి ఉందిగా" అని.

అంతే. అంత తేలిగ్గా అనేశాడు.

నేను వాడి మీద పడ్డాను. కర్ర తిప్పి నా నోటి మీద కొట్టాడు. ఇదిగో, ఈ ముందు పన్ను అప్పుడు పోయిందే. కింద పడి ఉన్నాను, నికొల్‌ని ఈడ్చుకుపోతున్నారు, కట్టు విడిపోయి బురదలో వాళ్ల వెనకే పాకుతోంది. వాణ్ని చూడడం అదే ఆఖరు.

నువ్వు ఏడవకు. నీకేం సంబంధం?

ఆ వేసవిలో నాచు కాల్పించడానికి హ్యూ మీల్ తీరం మీదికి వచ్చాడు. మగాళ్లు అవతలి ఒడ్డున ఉన్నారు. ఇటు ఆడవాళ్లమే. అందరి ఇళ్ల నుంచీ ఎవరో ఒకరు ఓడల్లోకి పోయినవాళ్లే, ఒక్క టోర్బిస్టర్లతో కోటా నిండలేదులే. ముందుగా ఎవరూ ఏమీ అనుకుని రాలేదు. మార్గరెట్ రెండాల్ నాచు లాగే ఇనుప పళ్లకర్ర ఎత్తి వాడి వీపున వేసింది. ఇక ఆగలేదు. పొగలో ఎవరు ఎక్కడ కొడుతున్నారో తెలియదు. వాడు పాకుతున్నాడు, మేం లాగుతున్నాం. మొహాన్ని నిప్పుల గుంటకి దగ్గరగా పట్టారు, కనురెప్పల వెంట్రుకలు చిటపటమన్నాయి. నేను రెండు చేతులతో ఒక రాయి ఎత్తాను. మోకాలి మీద వేశాను. మళ్లీ ఎత్తి మళ్లీ వేశాను. చంపేద్దామనే ఎత్తాను, తల మీద వెయ్యడానికి చేతుల్లో బలం చాల్లేదు.

కిర్క్‌వాల్ నుంచి విచారణకి వచ్చారు. గుంటలో జారి పడ్డాడండీ అని దీవి దీవంతా చెప్పింది. హ్యూ మీల్ కూడా అదే చెప్పాడు. ఆడవాళ్లు కొట్టారని ఏ మగాడు చెప్పుకుంటాడు?

నాన్న ఆ శీతాకాలం పోయాడు. మగదిక్కు లేని పొలమని దొరగారు ఇల్లు పడగొట్టించి గొర్రెల్ని తోలారు. పొలం పోయాక పేరు దేనికి అంటుకుని ఉంటుంది? నేను ఊళ్లో అడుక్కుంటూ, చేపలు కోస్తూ బతికాను. అప్పుడు మాన్సీ వచ్చి పెళ్లి చేసుకుంటావా అన్నాడు.

మాన్సీ మీల్. హ్యూ తమ్ముడు.

అలా చూడకు. దీవిలో పెళ్లికి మగాడెవడు మిగిలాడు? ఆకలేసింది, చేసుకున్నాను. మాన్సీ మంచివాడు, పదేళ్ల కింద చేపలకి పోయి తిరిగి రాలేదు. నలుగురు పిల్లలు. నలుగురూ మీల్‌లే. మా పెద్దవాడి నడక, మొండితనం అచ్చం మా నాన్నవి. ఒళ్లంతా టోర్బిస్టరే. పిలిస్తే మాత్రం మీల్ అంటేనే పలుకుతాడు. సముద్రం అవతల నీ ఐదుగురిలో మా రక్తం చుక్క లేదు, వాళ్లేమో టోర్బిస్టర్లు. ఏమంటావు దీన్ని?

హ్యూ మీలా? బతికే ఉన్నాడు. ఈ ఇంట్లోనే. పెళ్లీ పెటాకులూ లేనివాడు, తమ్ముడింట్లో కాక ఎక్కడుంటాడు? నా చేతి తిండే తింటాడు. ఆ మోకాలికి కట్టు కట్టేదీ నేనే. అప్పుడు వాడు అనేదాన్ని, ఇప్పుడు బావగారు, ఆయన. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాట్లాడుకోవడానికి గొర్రెలున్నాయి, వాన ఉంది.

అవునూ, నీ అసలు పేరేంటి? చెప్పవయ్యా, ఎవరికీ చెప్పను. మావాడు పడుకుంది ఆ పేరు కింద. నాకు తెలియాలి కదా.

...ఊఁ. మంచి పేరే. చిన్న పేరు. గుర్తుంటుంది.

టోర్బిస్టర్ మాత్రం వదిలెయ్యకు. తిరిగి ఇచ్చేస్తానంటున్నావు, ఎవరికిస్తావు? ఇక్కడ తీసుకునేవాళ్లు లేరు. నీ పిల్లల్ని పెట్టుకోనీ.

అదుగో, వాకిట్లో కాలు ఈడుస్తున్న చప్పుడు. ఆయనే. భోజనం వేళైంది. చూపు పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి, మనిషి ఉన్నాడని గుమ్మంలోనే పసిగడతాడు. ఎవరని అడుగుతాడు.

లేచి నిలబడు. నసగకు. నికొల్ టోర్బిస్టర్‌ని అని చెప్పు. గట్టిగా చెప్పు, మగ గొంతుతో.

భయమెందుకు, ఆయన నిన్నేం చెయ్యగలడు? మహా అయితే గుండె ఆగుతుంది. ఆగితే ఆగనీ. ఒక గిన్నె జావ మిగులుతుంది, నువ్వు తాగుదువుగాని.