అసలు బోల్టు

ప్రగతి నగర్‌లో ఒక కిరాయి ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. బాలానగర్‌లో లేత్ మిషన్ నడిపే పెంటయ్య, లైబ్రరీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు వర్షిత. వంటింట్లో తల్లి అంజమ్మ.

“నాయినా, గల్లీల అందరు నాకు కంగ్రాట్స్ చెప్తున్నరేంది? రూతమ్మాంటీ అయితే చెయ్యి ఇడుస్తనే లేదు!”

“జిలేబి పంచిన గద బిడ్డా.”

“ఎందుకు?”

“నీ హైటెక్ సిటీ కొలువు పరీక్షకే. ఇగో, నా ఫోన్ల మెసేజ్ గూడ వచ్చింది. రిజల్ట్ అని ఉన్నది.”

“రిజల్ట్ వచ్చిందంటే పాసైనట్టేనా? అయ్యో నాయినా! రెండుసార్లు ఫెయిలైన. కంపెనీ మూడుసార్లే రాయనిస్తది. ఇది గూడ పోతే గల్లీల మొఖమెట్ల చూపియ్యాలె?”

“అరె, జర నా మాట—”

“ముందు నువ్వు ఇను. రెండుసార్లు నేను పోయింది గీ ఊహనల ప్రశ్నల కాడనే. చెప్పిన మాట కింద చెప్పని మాట ఒకటుంటది. అది లేకుంటే చెప్పింది నిలవదు. అదే ఊహన.”

“ఏది ఊహనో ఎట్ల తెలుస్తది?”

“తిప్పి చూడాలె, అది లేదనుకుంటే చెప్పిన మాట కూలుతదా అని. ‘లిఫ్టు చెడిపోయింది, మెట్లెక్కండి’ అని బోర్డు పెట్టిన్రు. ‘మెట్లు ఉన్నయి’ అన్నది తిప్పు.”

“మెట్లు లెవ్వు. గట్లయితే బోర్డు దండుగ.”

“కూలింది గద! అదే ఊహన. ‘అందరికీ లిఫ్టంటే ఇష్టం’ తిప్పు.”

“ఇష్టం లేకున్నా మెట్లెక్కుతరు. బోర్డుకేం గాదు. ఓస్, మా మిషన్ లెక్కనే! బోల్టు పీకితే మిషన్ ఆగిందా, అది అసలు బోల్టు. నడిచిందా, ఉత్తది.”

“శభాష్! ఇగ నీ జిలేబి సంగతి. ‘వర్షిత పాసైంది.’ తిప్పు.”

“పాస్ గాలే.”

“జిలేబి కూలిందా?”

“కూలలే.”

“నాయినా! సక్కగ చెప్పు.”

“సక్కగనే చెప్తున్న. మెసేజ్ వచ్చింది పదకొండింటికి. జిలేబి పంచింది ఎనిమిదింటికి. మీ అమ్మనడుగు.”

“మరి... దేనికి పంచినవు?”

“రెండుసార్లు ఫెయిలైనంక గూడ మూడోసారి పొయి రాసొచ్చినవు. మన ఇంట్ల గంత మొండోళ్లు ఎవరున్నరు? గదే చెప్పి పంచిన. పాసైనవని వాళ్లనుకున్నరు. నువ్వు గూడ గట్లనే అనుకున్నవు.”

“...ఫోనియ్యి.”

“ఏడుస్తున్నవా?”

“లే. ఇయ్యి నాయినా, చూస్త.”

“ఇగో. నిమ్మళంగ చూడు.”

“నాయినా.”

“ఆఁ?”

“ఆ మిఠాయి దుకాణం ఇంకా తెరిచే ఉన్నదా?”

“ఆగాగు, తిప్పి చూడనియ్యి... పాస్ గాకుంటే దుకాణం ముచ్చటెందుకు? ఓ అంజమ్మా! చెప్పులేసుకో!”