మూత తీయని సీసాలు

“ఇవేంటి?”

“ఏవి?”

“కళ్ళ ముందు పెట్టాక కూడా ఏవి అంటావేంటి. ఇవి. ఈ సీసాలు.”

“సీసాలే వదినా.”

కర్టెన్లు కుట్టే షాపు వెనక గది. ముందు షట్టరు సగం దించేసి, ఆడపడుచు కత్తిరింపుల బల్ల మీద పొడి సీసాలు వరసగా పేర్చింది. ఆమె తమ్ముడి భార్య పాత గుడ్డల అలమర పక్కన, దొరికిపోయిన మనిషిలా నిలబడింది. షాపు ఇద్దరిదీ. నోరు మాత్రం ఇన్నేళ్ళూ పెద్దామెదే.

“అస్తరు గుడ్డ కోసం కింద అర లాగితే వెనకాల బారులు తీరి కూర్చున్నాయి. అన్నీ నేనిచ్చినవే. మూతల మీద నేను చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. ముడి కూడా విప్పలేదు.”

“నేనేం దాచిపెట్టలేదు.”

“మరి? ఆరబెట్టావా?”

“పారెయ్యడానికి చేతులు రాక అక్కడ పెట్టాను.”

“ఒక్కసారైనా తాగావా?”

“ముందు కూర్చోండి. అలా బల్ల పట్టుకుని వంగి నిలబడితే...”

“కూర్చుంటానో నిలబడతానో నా ఇష్టం. అడిగినదానికి చెప్పు. ఒక్క చెంచా అయినా తాగావా?”

“మూత పైనుంచే వాసన చూశాను.”

“వాసన చూసిందట మహాతల్లి. రోజూ పొద్దున నువ్వు మిషను ముందు కూర్చోగానే అడిగేదాన్ని కదా, తాగావా అని. తల ఊపేదానివి. ఏంటది మరి?”

“తల ఊపితే మీరు ఊరుకునేవారు.”

“ఊరుకునేదాన్నా. శొంఠి నేను దంచాను. పసుపు కొమ్ములు నేను దంచాను. మెంతులు వేరే, మిరియాలు వేరే వేయించి, పల్చటి గుడ్డలో జల్లించి, ఉన్న ఒక్క సెలవు రోజూ నీకే ధారపోశాను.”

“నేనడిగానా?”

“ఏంటీ?”

“అడిగానా అంటున్నా. మొదటిసారే వద్దన్నాను. డాక్టరుకి చెప్పకుండా ఏదీ కలపొద్దన్నారు వదినా అని మర్యాదగానే చెప్పాను. వారం పాటు నాతో మాటల్లేవు. దారపు కండె కావాలన్నా గోడతో చెప్పేవారు, ఎవరైనా తెల్ల కండె అందిస్తే బాగుండు అని. ఇంటికెళ్తే మీ తమ్ముడు మొదలెట్టేవారు, అక్క అంత ప్రేమగా ఇస్తే తాగడానికేం పోయేకాలం అని. ఒళ్ళు నాది, పంచాయితీ మీ ఇద్దరిదీ.”

“వాడన్నదాంట్లో తప్పేముంది?”

“తప్పేం లేదు. ఆయన్నే తాగమనాల్సింది.”

“నోరు చూడు నోరు. ఎప్పుడొచ్చింది ఇంత నోరు? ఒళ్ళు నిమ్మళించగానే వచ్చిందా?”

“షట్టరు దగ్గర ఎవరో తడుతున్నారు.”

“తట్టనీ.”

“హోటలావిడేమో. తెల్ల సాటిన్ కర్టెన్లు ఇవాళ ఇస్తామన్నాం.”

“రేపు రండమ్మా, ఇవాళ మూసేశాం. ఆ, రేపే. వెళ్ళింది. ఇప్పుడు చెప్పు. ఈ షాపులో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ చెప్పాను, మా మరదలు నా పొడి తాగే లేచి తిరుగుతోందని. ఆ హోటలావిడకీ చెప్పాను. నీ ఎదురుగానే. అప్పుడు నువ్వేం చేశావు? తల దించుకుని అంచులు కుట్టుకున్నావు.”

“అంచులు కుట్టడమేగా నా పని.”

“వెటకారాలొద్దు నా దగ్గర. నా పరువు తీసి అలమరలో పెట్టావు. రేపణ్ణించి నువ్వు షాపుకి రాకు.”

“మిషన్లు రెండూ నావి. అవి తీసుకుని వెళ్ళనా?”

“తీసుకుపో. ఇప్పుడే తీసుకు...”

“అయ్యో. పగలగొట్టడం దాకా వచ్చారా? సీసా విసిరేస్తే నేను భయపడిపోతానా?”

“విసరలేదు.”

“మరి ఎగిరి పడిందా?”

“జారింది.”

“జారింది. చూడండి, పొడంతా సాటిన్ మీదే పడింది. పసుపు మరక తెల్లగుడ్డని వదులుతుందా? రేపు ఆవిడకి ఏం చూపిస్తాం? జరగండి, గాజుముక్కలు నేను తీస్తాను. జరగండి వదినా.”

“మరి నీకెలా తగ్గింది?”

“ముందు కాలు తీయండి.”

“ఎలా తగ్గిందో చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పలేదు? మీరు వింటేగా.”

“ఇప్పుడు వింటున్నాను. నిద్రలో దుప్పటి తగిలినా ఒళ్ళంతా సలుపుతోందన్నావు. దువ్వెన ఎత్తలేక జుట్టు కత్తిరించుకుంటానన్నావు. అట్లాంటిదానివి ఇవాళ మేడలెక్కి రాడ్లు బిగించొస్తున్నావు. ఊరికే తగ్గుతుందా?”

“ఊరికే తగ్గలేదు. పూర్తిగానూ తగ్గలేదు. ఉంది, అదుపులో ఉంది, అంతే. మొదట్లో వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చేదాన్ని. ఒంట్లో బాగుందని ఓ రోజు ఉత్సాహపడి మార్కెట్ దాకా వెళ్తే మర్నాడు మంచం దిగలేదు. బాగున్నా అతిగా నడవకూడదు, బాగోకపోయినా కాస్తయినా నడవాలి. అది బుర్రకెక్కడానికే ఎన్నాళ్ళో పట్టింది. తర్వాత వేణ్ణీళ్ళ స్నానం, మెల్లగా ఒళ్ళు సాగదీసుకోవడం. సాయంత్రం కాఫీ మానేశాను. రాత్రి పెందలాడే తినడం, తీపి తగ్గించడం, రోజూ ఒకే వేళకి పడుకోవడం. నిద్ర కోసం డాక్టరిచ్చిన చిన్న మాత్ర.”

“మాత్ర వేసుకుంటున్నావా?”

“వేసుకుంటున్నాను.”

“ఇప్పటికీ?”

“ఇప్పటికీ. ఏం?”

“మానేశానన్నావు.”

“నేనెక్కడన్నాను? మీరే అన్నారు. మా మరదలు మాత్రలన్నీ గిరాటేసి పొడి మీదే నిలబడింది అని, అందరికీ మీరే చెప్పారు.”

“నువ్వు తల ఊపావు.”

“ఊపాను.”

“ఊపడం బాగా వచ్చు నీకు.”

“మీరే నేర్పారు. నేను మొదట్లో నొప్పులతో ఏడుస్తుంటే ఏమన్నారో గుర్తుందా? పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయటగా, ఇంక నొప్పెక్కడిది అన్నారు. పని ఎగ్గొట్టడానికి నోరు తిరగని పేరొకటి పట్టుకొచ్చింది అన్నారు. ఫైబ్రోమయాల్జియా. ఒక్కసారైనా పలికారా ఆ మాట? దాని వేషాలు అనేవారు.”

“అప్పుడేదో అన్నాను.”

“అప్పుడేదో కాదు. రోజూ అన్నారు. నడవడానికి వెళ్తే షికార్లకి ఓపికుంది, కుట్టడానికి లేదు అన్నారు. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే మిషను ఆగిన చప్పుడు వినిపిస్తోందన్నారు. మొట్టమొదటిసారి ఈ సీసా ఇస్తూ ఇదిగో, నీ నొప్పులకి అన్నారు. నీ నొప్పులకి. నాకు నొప్పులున్నాయని మీ నోటి వెంట వచ్చింది ఆ రోజే. అందుకే ముందు వద్దన్నా, చివరికి తీసుకున్నాను. తాగలేదంటే మళ్ళీ అవి వేషాలైపోతాయని తల ఊపాను. ఇంక అడక్కండి.”

“అడుగుతాను. నిజంగా ఒక్క చెంచా కూడా...”

“లేదు. ఒక్క చెంచా కూడా లేదు. ఇంకెలా చెప్పను?”

“ఏదీ, ఆ చివరి సీసా మూత తియ్యి.”

“ఎందుకు?”

“చూద్దాం. సగం తాగి మళ్ళీ దారం చుట్టావేమో.”

“తాగాననే నాతో అనిపించాలా మీకు? సీసా మీ పక్కనే ఉంది. మీరే తీయండి.”

“నిన్ను తియ్యమన్నాను.”

“ముడి విప్పడానికి కూడా నేనే కావాలా? ఈ మధ్య ఇదే వరస. కత్తెర పట్టరు. మొద్దుబారిందంటారు, సాన పట్టించి తెస్తే బరువెక్కిందంటారు. కొలతలు నేనే, కత్తిరింపులు నేనే. చివరికి సూదిలో దారం ఎక్కించాలన్నా నన్నే పిలుస్తారు, కళ్ళజోడు మార్చాలంటూ. అప్పట్లో నన్నేమన్నారు? చేతులు బానే ఉన్నాయి, బుద్ధే బాలేదు అన్నారు. ఆ మాట ఇప్పుడు నేననొచ్చా?”

“అను.”

“అననులెండి.”

“అనవే. పడతాను.”

“ఇదేం చోద్యం. మీరు పడటం నేనెప్పుడూ చూడలేదు. ఇంతకీ ప్రతిసారీ రెండు సీసాలు నింపేవారు కదా. ఒకటి నాకు. రెండోది ఎవరికి?”

“ఎవరికైతే నీకెందుకు?”

“ఎవరికి అంటగట్టారో పాపం. వాళ్ళన్నా తాగుతున్నారా?”

“తాగుతోంది. పొద్దునోసారి, రాత్రోసారి. నిన్ను చూసి.”

“నన్ను చూసా? ఏంటి ఆవిడకి?”

“కీళ్ళు. వేళ్ళ కణుపులు. పొద్దున లేస్తే పిడికిలి బిగుసుకుపోయి, విప్పుదామంటే రాదు.”

“వాపుందా?”

“ఉంది.”

“పరీక్ష చేయించుకుందా?”

“చేయించుకుంది. రక్తంలోనే కనబడింది. నీలా కాదు.”

“నీలా కాదు అనకుండా ఉండలేరు కదా. సరే. కనబడితే డాక్టరు మందులు రాసే ఉంటారు.”

“రాశారు.”

“వేసుకుంటోందా?”

“నువ్వు మానేసి బాగయ్యావు కదా అని...”

“అయ్యో, అవి మానకూడదు వదినా. ఇది నా జబ్బు లాంటిది కాదు. ఆ వాపు లోపల కీలుని తినేస్తుందట. వేళ్ళు వంకరపోతే మళ్ళీ తిన్నగా రావట. ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నావిడకి డాక్టరు చెబుతుంటే విన్నాను. పొద్దున్నే ఆవిణ్ణి ఆస్పత్రికి పంపండి. పొడి కావాలంటే తాగమనండి, మందులు మాత్రం ఆపొద్దనండి.”

“నా మాట వినదు.”

“మీ మాట వినని మనుషులు కూడా ఉన్నారా? ఎవరావిడ? నంబరివ్వండి, ఇప్పుడే ఫోన్ చేస్తాను. మా వదిన చెప్పిందంతా ఉత్తదే, నేను తాగిందీ లేదు, మాత్ర మానిందీ లేదు అని నేనే చెబుతాను. మీరేమనుకున్నా సరే.”

“ఫోనెందుకు. ఇందాకటి నుంచీ నీ ఎదురుగా నిలబడి వింటూనే ఉంది. నీ తల ఊపుడు నమ్మి మందులు పారేసి ఏడాదయింది.”