ఆవకాయ జాడీలో నేరేడు సారా

ఏటా క్రిస్మస్‌కు తన కేకుకు వంక పెట్టే ఆడబిడ్డతో ఈసారైనా బాగుందనిపించుకోవాలని, కోడలు ఊదారంగు పానీయం నింపిన గ్లాసు అందించింది.

“ఏందిది పిల్లా?”

“బ్లాక్‌కరెంట్ అనే సీమ పండుతోని చెయ్యాలె వదినా. మనకేడ దొరుకుతది? టేకులపల్లి నేరేడు పండ్లు ఇప్పసారాల ఊరబెట్టిన. రెండు చెంచాలు అది, మిగతాదంత ద్రాక్ష వైను.”

“మరి ఎల్లిగడ్డ వాసనేంది?”

ఆడబిడ్డ ఒక గుటక వేసి కళ్ళు మూసుకుంది.

“ఆర్నెల్లు ఆవకాయ జాడీల పెట్టిన వదినా.”

“కడగలేదా?”

“మూడుసార్లు కడిగిన. కాలేజీ ల్యాబ్‌ల గూడ నేను కడిగిన గొట్టాలు మా మేడమ్ మళ్ళ కడిగేది. గట్ల కెమిస్ట్రీ చదివిన. ఇగ నవ్వు.”

“నేనేం నవ్వుత? వైను చెయ్యబోయి నేను సీసా పేల్చిన ఏడాది మా అత్త నెలరోజులు నాతోని మాట్లాడలే. ఇంకింత పొయ్యి. ఎల్లిగడ్డ జలుబుకు మంచిది.”