బిళ్ల దాచిన చెయ్యి

గారడీ చేసే ముసలాయన్ని గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్లేందుకు చక్రాల మంచం వచ్చింది. ఆయన తన భార్య భుజమ్మీది శాలువ సర్ది, రెండు పిడికిళ్లూ ముందుకు చాపాడు.

"రూపాయి బిళ్ల ఏ చేతిలో ఉందో చెప్పు."

"దాచిన చెయ్యి బిగుసుకుంటుందని, మీ కళ్లు దానివైపే పోతాయని ఎన్నిసార్లు చెప్పానండీ? ఇవాళేంటి, రెండూ బిగుసుకున్నాయి? భయమా?"

"నాకా! ముందు నీ మొహం చూసుకో."

"సరే, కుడిది."

"ఖాళీ."

"అయితే ఎడమది."

"అదీ ఖాళీయే."

"మరి బిళ్లేదండీ?"

"తిరిగొచ్చాక చెబుతా."

"ఇప్పుడే చెప్పండి."

"ఇప్పుడే చెప్పేస్తే, తిరిగి రావడానికి నాకు పనేముంటుందే పిచ్చిదానా?"

శాలువ సర్దుతూ ఆయన బిళ్లను మడతలోకి జార్చినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. ఆయన వెనక తలుపు మూసుకునేదాకా ఆమె ఆ మడత వైపు చూడలేదు.