రబ్బరు బాతుకు మెమో

అధ్యక్షులు సూపరింటెండెంట్ గారికి, వేదిక మీది పెద్దలకు, డ్యూటీ మధ్యలో పరుగున వచ్చి గోడకానుకుని నిలబడ్డ నా చెల్లెళ్లకు నమస్కారం.

ఇంట్లో నలుగురికి అక్కని, ఇక్కడ అందరికీ పెద్దక్కని. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. రిటైరయ్యే ఈ ఒక్కరోజూ కోపం రానివ్వకు దేవుడా అని పొద్దున్నే ప్రార్థించి వచ్చాను. ఆ ఒక్కటి మాత్రం ఆయన ఆలకించినట్టు లేదు. (నవ్వులు)

నర్సులు కొత్తగా ఆలోచించాలంటే ఏం చేయాలో చెప్పమన్నారు. మెట్ల దగ్గర సలహాల పెట్టె పెట్టించారు, సంతోషం. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. (నవ్వులు)

అదిగో, మూడో వరసలో తల వంచుకుని కూర్చుందే, మా పక్షవాతం వార్డు నర్సు. తలెత్తమ్మా, తప్పు చేసింది నువ్వు కాదు. చెయ్యి లేవని మనిషి గోడ మీది గంట ఎలా నొక్కుతాడక్కా అని ఈ పిల్ల అడిగితే, "పైవాళ్లకి రాద్దాంలే" అన్నది నేనే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. రాశాం. జవాబు లేదు. చూసి చూసి, తన కూతురు ఆడుకునే రబ్బరు బాతును కడిగి తెచ్చి, కదల్లేని ఒక మాస్టారి వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో కట్టింది. కాస్త నొక్కితే చాలు, కీచుమంటుంది.

"ఇది ఆసుపత్రా, బొమ్మల కొట్టా?" అన్నారు రౌండ్లకొచ్చిన మీరు, సూపరింటెండెంట్ గారూ. మర్నాడే ఈ పిల్లకు మెమో, ఆసుపత్రి గౌరవానికి భంగమని. ఆ పూటే, బాతును ఇంకా విప్పకముందే, మాస్టారికి గొంతులో కఫం అడ్డం పడింది. బాతు అరిచింది. ఈ పిల్ల పరుగెత్తింది. అదిగో, చక్రాల కుర్చీలో ఉన్నది ఆ మాస్టారే. (చప్పట్లు)

చప్పట్లు ఆపండి. ఆ మెమో ఇంకా ఈమె ఫైల్లోనే ఉంది. సోమవారం హెడ్ నర్సు ఇంటర్వ్యూలు. మెమో ఉన్నవాళ్లను గుమ్మం కూడా ఎక్కనివ్వరు. అది వచ్చిన దగ్గర్నుంచి మా వార్డులో ఒక్కరు కొత్త మాట ఎత్తలేదు. మాకు బహుమతులు వద్దండీ. "ఏదీ, చూపించు" అని పెద్దవాళ్లు ఒక్కమాట అడిగితే చాలు.

సూపరింటెండెంట్ గారూ, ఆ జ్ఞాపిక బల్ల మీదే ఉంచండి. మెమో రద్దు చేస్తున్నట్టు ఓ కాగితం రాసివ్వండి. అంతవరకూ ఇక్కడే ఉంటాను. ముప్పై నాలుగేళ్లు నిలబడ్డ కాళ్లివి, నాకేం తొందర లేదు.

(సూపరింటెండెంట్ జేబులు తడుముకున్నారు)

కలం లేదా? నాది తీసుకోండి. తేదీ కూడా వేయండి.

(చప్పట్లు)

రామ్మా, నీ కాగితం నువ్వే అందుకో. కృతజ్ఞతలండీ. నావల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే మన్నించండి. ఇక సెలవు.