నలభై దాటని బండి

ఏంటీ, ఇంజిన్ కథా? ఎవరు చెప్పారు, మీ నాన్నేనా? అనుకున్నాలే. అప్పటికి మీ నాన్న ఇంకా కడుపునే పడలేదు, అయినా పక్కన నిలబడి పానాలు అందించినట్టు చెప్తాడు. "ఊరు కాని ఊర్లో, తెలిసినవాడు లేని చోట, మా నాన్న ఒక్కడే ఇంజిన్ మొత్తం విప్పి, మళ్ళీ కట్టి, ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చాడు" అంటాడు, అంతేనా? అంతే అంటాడు. వ్యాన్ల స్టాండులో ఇప్పటికీ ఎవరైనా ముసలి డ్రైవరు బతికుంటే అదే చెప్తాడు. అబద్ధం అనను. విప్పాడు, కట్టాడు, వచ్చాడు. మీ తాత చేతి పనికి వంక పెట్టే మొనగాడు నాకు తెలిసి పుట్టలేదు. నాకు బావ ఆయన, పోయిన మనిషిని పట్టుకుని లేనిపోనివి కల్పించాల్సిన ఖర్మ నాకేంటి? కానీ ఆ కథకి ఇంకో సగం ఉంది, అది స్టాండులో ఎవడూ చెప్పడు. కూర్చో. ఆ కుర్చీ వద్దు, ఇటు మంచం మీదికి రా, నాకు గట్టిగా మాట్లాడే ఓపిక లేదు.

మీ తాత మంచివాడేనే. తాగుడు లేదు, పేకాట లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. మా అమ్మ ఏరి కోరి తెచ్చుకున్న అల్లుడు. "పని తెలిసినవాడు, పిల్ల పస్తుండదు" అని అందరి నోళ్ళూ మూయించి చేసింది. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, ఆ వ్యాను. మా అక్క, అదే మీ నానమ్మ, పెళ్ళయిన కొత్తలో అనేది, "నాకు జ్వరం వస్తే నుదురు పట్టుకుని చూడడు కానీ, బండి బానెట్ మీద మాత్రం పొద్దునా సాయంత్రం చెయ్యేసి చూస్తాడే" అని. నవ్వుతూనే అనేది, అప్పటికింకా నవ్వొచ్చేది. ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఒకటుంటుంది కదా స్టీరింగు దగ్గర, అది చచ్చి ఏడాదో ఎంతో. బాగుచేయించండి అంటే, "నా చెవికన్నా మంచి మీటరు ఏ కంపెనీవాడు చేస్తాడు?" అనేవాడు. అంత పొగరు. పొగరు కూడా కాదు, నిజంగానే నమ్మేవాడు. అదే వచ్చిన చిక్కు.

ఇనప బీరువాలు తీసుకెళ్ళే కిరాయి తగిలింది ఒకసారి, ఎక్కడో చాలా దూరం, ఏదో హాస్టలుకి. పెళ్ళయి ఇన్నాళ్ళయింది, ఇల్లు దాటి ఎక్కడికీ తీసుకెళ్ళలేదని అక్క పోరు పెడుతోంది. సరే రా అన్నాడు. అదే దాని విహారం! బీరువాల మధ్య చుట్టచుట్టుకుని కూర్చుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. బీరువాలు దింపారు, ఖాళీ బండితో తిరిగొస్తున్నారు. దారిలో ఇంజిన్ కింద నీళ్ళ గొట్టం ఊడిపోయింది. ముల్లు చచ్చింది కదా, ఎవరు చెప్తారు? ఆ గొప్ప చెవికి తెలిసేసరికి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి, ఇంజిన్ కాలిపోయి, పిస్టన్లు ఎక్కడివక్కడ పట్టేసి, బండి నిలువునా ఆగింది. అక్క చెప్పేది, ఆగాక ఆయన దిగలేదట చాలాసేపు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడట. "ఏమైందండీ?" అంటే, "నన్ను అడక్కు" అన్నాడట.

దగ్గర్లో పెట్రోలు బంకు ఉంది, దాని వెనక రేకుల షెడ్డు. బంకాయన పెద్దమనిషి, పాపం, బండిని తోయించి షెడ్డులో పెట్టుకోమన్నాడు. ఆ ఊళ్ళో మెకానిక్కులు లేరా? ఉన్నారు. పిలుస్తానన్నాడు కూడా. మీ తాత ఊరుకుంటాడా? "నా బండిమీద ఇంకొకడు చెయ్యెయ్యడమా!" ఇంజిన్ దింపాడు. దాని ఇనప దిమ్మని లేత్ షాపుకి మోయించి బోరు కొట్టించాడు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలున్నాయి చూడు, అవి గీరుకుపోతే కాస్త పెద్దవి చేసి, వాటికి తగ్గ పెద్ద పిస్టన్లు వేస్తారట. ఆ పిస్టన్లు వేరే ఊరినుంచి రావాలి. అవి వచ్చేదాకా అక్క ఆ షెడ్డులోనే వండింది, ఆ షెడ్డులోనే పడుకుంది, కిరసనాయిల్లో మరలు కడిగింది. అన్నం తినే పళ్ళాల్లో బోల్టులు, బోల్టులు కడిగిన చేతుల్తో అన్నం. ఒక్కడే కట్టాడంటాడు కదా మీ నాన్న, విను. పిస్టన్‌కి రింగులుంటాయి, గాజుల్లాగా, కాకపోతే ఒకచోట తెగి విచ్చుకుని ఉంటాయి. వాటిని గట్టిగా నొక్కిపెడితేగానీ పిస్టన్ లోపలికి దిగదు. దానికో పనిముట్టు ఉంది, అది ఇంట్లో ఉండిపోయింది. అందుకని డబ్బా రేకు కత్తిరించి, చుట్టి, రెండు చేతుల్తో బిగించి పట్టుకుంది మా అక్క. పైనుంచి ఈయన సుత్తి కర్రతో తట్టాడు. రేకు అంచు దాని అరచేతిని కోసింది. "అమ్మా" అందట. ఈయనేమన్నాడో తెలుసా? "వదలకు. రక్తం మాత్రం బోరులో పడనీకు." ఆ మాట మీ నాన్న చెప్పాడా? చెప్పడు. వాడికి తెలియదు. అక్క నాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక్కడ ఇంట్లో ఏమో అమ్మకి బాగోలేదు. ఎప్పటినుంచో ఉన్న ఆయాసమే, కానీ ఈసారి కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడట్లేదు, దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. డాక్టరొచ్చి చూసి, గుమ్మం బయటికి పిలిచి, "రావాల్సినవాళ్ళుంటే పిలిపించమ్మా" అన్నాడు. మందుల షాపులో ఫోనుంది. బండి ఆగిపోయినప్పుడు అక్క అక్కడికే ఫోను చేసి ఇచ్చిన బంకు నంబరు పట్టుకుని పరిగెత్తాను. బంకాయన పిలుచుకొచ్చాడు. "మాట్లాడుతోందా?" అంది అక్క, మొదటి మాటే అది. "మాట్లాడుతోంది, నిన్నే అడుగుతోంది, నీకేదో చెప్పాలట. నాకు చెప్పమ్మా అంటే, నీకు కాదే అంటోంది. వచ్చెయ్" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకూ చివుక్కుమంది. మందులు పోసేది నేను, మాట దానికి. సరే, అది వేరే సంగతి. బంకాయన పక్కనుంచే అంటున్నాడు, నాకు వినపడుతోంది, "పొద్దున్నే బస్సుంది తల్లీ, మా బంకు ముందే ఆపిస్తా, ఒక్కచోట మారితే సాయంత్రానికి మీ ఊళ్ళో ఉంటావు" అని. "అదే ఎక్కి రా అక్కా" అన్నాను. ఊఁ అంది. పెట్టేసింది.

అదే రోజు ఇంజిన్ స్టార్టయిందట. ఖర్మ చూడు. అక్క ఏడుస్తూ షెడ్డులోకి వెళ్తే, ఈయన ముఖం వెలిగిపోతోంది. విన్నాడు. పాపం, బాధపడ్డాడు కూడా, అత్తగారంటే ఇష్టమే. కానీ బస్సనేసరికి, "నా బండి ఉండగా బస్సెందుకే? తెల్లవారుజామునే బయలుదేరదాం, బస్సు వచ్చేసరికి మనం సగం దారిలో ఉంటాం" అన్నాడు. అంతవరకే చెప్పాడు. ఇంజిన్ కొత్తగా కట్టాక కొన్నాళ్ళపాటు స్పీడు నలభై దాటించకూడదన్న ముక్క చెప్పలేదు. రోడ్డెక్కాక చెప్పాడు.

కొత్త రింగులు, కొత్త బోరు, ఒకదానికొకటి అలవాటు పడాలట. అప్పటిదాకా తొందరపెడితే మళ్ళీ పట్టేస్తుందట. "బాలింతని పరిగెత్తిస్తామా?" అన్నాడట. ఎంత సున్నితమైన మాటో చూడు! అంత సున్నితమైన మాట మా అక్క జన్మలో తన గురించి విని ఉండదు. నలభై. మోపెడ్ మీద పోయేవాడు వీళ్ళతో కబుర్లు చెప్తూ పక్కనే వచ్చాడట కాసేపు. మధ్యమధ్య ఆపడం, బానెట్ ఎత్తడం, ఆయిలు చూడటం, చల్లారాక బోల్టులు బిగించడం. అక్క అడిగింది, బతిమాలింది, తిట్టింది. ఈయనది ఒకటే మాట, "ఇది దారిలో ఆగిపోతే అసలుకే చేరం కదే." అందులో న్యాయం లేదంటావా? ఉంది. ఆయన మాటల్లో ఎప్పుడూ న్యాయం ఉండేది, అందుకే ఒళ్ళు మండేది.

ఇంకా మధ్యాహ్నం కాలేదు, వెనకనుంచి బస్సు వచ్చింది. అదే బస్సు, బంకాయన చెప్పింది. "ఆపండి దాన్ని, నేనెక్కుతా" అని అక్క అరిచింది. ఈయన హారన్ కొట్టాడు. కొట్టాడమ్మా, కొట్టలేదని అనను. ఆ బస్సు డ్రైవరేమో తోటి డ్రైవరు పలకరిస్తున్నాడనుకుని, నవ్వి, చెయ్యి ఊపి దాటేశాడు. "వెంబడించండి, ఎక్కడో ఆగకపోతుందా" అంది. "దాన్ని అందుకోవాలంటే డెబ్భైలో పోవాలి" అన్నాడు. "పోండి." పోలేదు. బస్సు చిన్నదైపోయి, చిన్నదైపోయి కనపడకుండా పోయిందట. అప్పుడడిగింది మా అక్క, "మీ పని మీద మీకే నమ్మకం లేదా?" అని. ఆయన రోడ్డు వంక చూస్తూనే, "నా పని మీద ఉంది. రింగులు పట్టుకుంది నువ్వు కదా" అన్నాడు. రాత్రి దారిలో ఎక్కడో ఆపేశాడు, ఇంజిన్‌కి విశ్రాంతి కావాలని.

ఆ సాయంత్రం నేను బస్టాండులో ఉన్నాను. పక్కింటి టైలరు భార్యని అమ్మ దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాను. బస్సు వచ్చింది, వేళకే వచ్చింది. దిగారు, ఎవరో బరువు సంచులతో ఒకామె, ఇద్దరు కాలేజీ పిల్లలు, చంకలో గొడుగుతో ఒకాయన. అందరూ దిగాక కూడా లోపలికి తొంగిచూశాను, నిద్రపోయిందేమోనని. కండక్టరు, "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అన్నాడు. ఇంటికొచ్చాను. "వచ్చిందా?" అంది అమ్మ. "వ్యాన్లో వస్తున్నారమ్మా, దారిలో ఉన్నారు" అన్నాను. నాకేం తెలుసు దారిలో ఉన్నారో లేదో! అమ్మ ముఖం తేటపడింది. "అల్లుడు జాగ్రత్తపరుడే. నిదానంగా తీసుకొస్తాడు" అంది. పొగడ్త అది. ఆ మాట విని నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఉంటే ఏమంటానోనని. మళ్ళీ ఒకసారి అడిగాను, పోనీ నాకు చెప్పమ్మా, నేను చెప్తాను దానికి అని. తల అడ్డంగా ఊపింది. "వస్తోందిగా" అంది. తెల్లారేసరికి లేదు.

బాగా పొద్దెక్కాక వినిపించింది వ్యాను చప్పుడు. అప్పటికి ఇల్లంతా జనం, వాకిట్లో చెప్పులు. చెప్పులు చూస్తే తెలియదూ? బండి పూర్తిగా ఆగకముందే అక్క దూకి లోపలికి వచ్చేసింది. అమ్మని చూసింది. ఏడవలేదు. నా భుజం పట్టుకుని, "నాకేమైనా చెప్పిందా?" అంది. "నీకే చెప్తానంది" అన్నాను. "నీతో ఏమీ అనలేదా? ఒక్క ముక్కైనా?" "లేదక్కా." దాని వెనక ఎవరో ఏడుపు ఎత్తుకున్నారు. ఆ ఏడుపుని మింగేస్తూ బయట ఇంజిన్ కొట్టుకుంటూనే ఉంది. డగ్ డగ్ డగ్. మీ తాత బండి దిగలేదు, ఇంజిన్ ఆపలేదు. టైలరు వెళ్ళాడు, లోపలికి రమ్మని చెప్పడానికి. వెళ్ళినవాడు తిరిగొచ్చి, ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడి, "వేడి మీద వెంటనే ఆపకూడదట, కాసేపు అలా ఆడనిచ్చి వస్తాడట" అన్నాడు. గొంతు తగ్గించి, "చప్పుడు ఎంత శుభ్రంగా ఉందో చూశావా అని అడిగాడమ్మా నన్ను" అన్నాడు.

అక్క లేచింది. అంతమంది చూస్తుండగా నడుచుకుంటూ బయటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను, ఏం చేస్తుందోనని. పాత డీజిలు బళ్ళకి తాళం తిప్పితే ఇంజిన్ ఆగదు, స్టీరింగు పక్కన చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని లాగితే ఆగుతుంది. కిటికీలోంచి చెయ్యి పెట్టింది, ఆయన ఒడి మీదుగానే, కట్టు కట్టిన ఆ చెయ్యే. లాగింది. ఇంజిన్ ఒక్కసారి వణికి ఆగిపోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా ఏడుపు వినిపించింది, అంతదాకా అది ఇంజిన్ చప్పుడు కింద ఉండిపోయింది. మీ తాత దాని ముఖంలోకి చూసి, కోపంగా కూడా కాదు, చిన్నపిల్లకి చెప్తున్నట్టు, "అలా ఆపకూడదే, పాడవుతుంది" అన్నాడు.

ఏమీ పాడవలేదు. ఎన్నేళ్ళు తిరిగిందా బండి! దాని మీదే మీ నాన్న చదువు, అత్తయ్య పెళ్ళి, ఈ ఇంటి పైకప్పు. అక్క ఎక్కలేదా అంటావేమో, ఎక్కక ఏం చేస్తుంది, అందరిలాగే ఎక్కింది. కానీ ఊరికే కూర్చున్నప్పుడు, ఏ బియ్యం ఏరుతూనో, ఉన్నట్టుండి నన్ను అడిగేది, "ఏం చెప్పాలనుకుని ఉంటుందే?" అని. చివరిదాకా అడిగింది. నేనేం చెప్తాను, నాకు...

ఆ గ్లాసు మంచం అంచుమీద పెట్టకు, పడుతుంది. ఇటివ్వు.